అప్‌డేట్: డిమ్మర్ పెట్టాక కొట్టుకుంటున్న ఎల్‌ఈడీ లైట్లు – కారణం దొరికింది

పోయిన నెల అడిగింది నేనే. విజయనగరంలో మా హాల్లో ఆరు ఎల్‌ఈడీ డౌన్‌లైట్లకి (సీలింగ్‌లో బిగించేవి) వైఫై డిమ్మర్, అంటే ఫోన్ నుంచి వెలుగు తగ్గించే స్విచ్, పెట్టిస్తే, వెలుగు తగ్గించినప్పుడల్లా లైట్లు కొట్టుకునేవి. ఆపేసినా సన్నగా వెలిగేవి. "ఇదేట్రా, కట్టేసినా ఎలుగుతోంది" అని అమ్మ ఒకటే గొడవ. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు లైట్ల డబ్బాల మీద డిమ్మబుల్ (వెలుగు తగ్గించే వీలున్నది) అని ఉందేమో చూడండి" అన్నవారి మాట నిజమైంది. అటక మీంచి దించి చూస్తే నాలుగింటి మీదే ఉంది. మధ్యలో పాడైతే మార్చిన రెండూ మామూలువి. వాటిని మార్చాక సగం తగ్గింది.

మిగతా సగం ఎలక్ట్రీషియన్ పట్టుకున్నారు. ఆరు లైట్లూ కలిపి 42 వాట్లే. నా డిమ్మరేమో ఫిలమెంట్ బల్బులకి సరిపడే లీడింగ్ ఎడ్జ్ రకం, కనీసం 60 వాట్ల లోడ్ ఉండాలని దాని వెనకే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైగా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలపని మోడల్. తన వైఫైకి కావలసిన కరెంటు లైట్ల గుండానే లాక్కుంటుందట, ఆపినా వెలగడం అందుకే. అదే సర్క్యూట్ మీదున్న పక్క బోర్డు నుంచి న్యూట్రల్ లాగి, ఎల్‌ఈడీలకి సరిపడే ట్రైలింగ్ ఎడ్జ్ రకం డిమ్మర్ పెట్టారు. యాప్‌లో కనీస వెలుగు 15 శాతం పెట్టుకున్నాం. అంతకన్నా దించితే ఒక లైటు ఇంకా వణుకుతోంది, దాన్ని వదిలేశాను.

స్టెబిలైజర్ అవసరం పడలేదు, మీటర్ పెట్టి చూస్తే వోల్టేజి 230 దగ్గరే ఉంది. వైఫైదే తప్పనుకుని తొందరపడి రౌటర్ మార్చిన డబ్బులు మాత్రం దండగ.