అప్‌డేట్: గేమింగ్ కంప్యూటర్ కొన్నాం, కానీ లక్షన్నరది కాదు

పదో తరగతి చదివే మా అబ్బాయి లక్షన్నర రూపాయల గేమింగ్ కంప్యూటర్ అడుగుతున్నాడని, కొనాలా వద్దా అని నెల క్రితం మిమ్మల్ని అడిగాను. "ముందు వాడినే లెక్క రాయమనండి" అన్న సలహా అద్భుతంగా పనిచేసింది. రెండు రాత్రులు కూర్చుని రాశాడు. మా 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరకు 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మల్ని తెరపై చూపించే భాగం) చాలని తనే తేల్చాడు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లు పట్టే ఏఎం5 రకం మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) తీసుకుంటే మున్ముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చన్నాడు. అన్ని భాగాలకూ కరెంటు అందించే పవర్ సప్లైలో మాత్రం పొదుపు వద్దన్నాడు. ఆ మాటకు ముచ్చటేసింది.

శనివారం ఇద్దరం కంప్యూటర్ విడిభాగాల దుకాణాలుండే బెంగళూరు ఎస్పీ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగాం. ఒకచోట బిల్లు లేకుండా తీసుకుంటే ధర తగ్గిస్తామన్నారు. వారంటీకి బిల్లు కావాలని వాడే వద్దన్నాడు! అన్నీ కలిపి 92,000 రూపాయలు అయింది, యూపీఎస్ వేరు.

ఆదివారం ఇంట్లో బిగించాం. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. నా గుండె జారిపోయింది. "ఆగు నాన్నా, కొత్త డీడీఆర్5 రకం మెమరీ మొదటిసారి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది" అన్నాడు. నిజంగానే వెలిగింది.

కంప్యూటర్ హాల్లోనే పెట్టాం. రాత్రి పదింటికి ఆపాలన్నది ఒప్పందం. మూడు వారాల్లో రెండుసార్లు తప్పాడు, అడిగితే ఒప్పుకున్నాడు. అర్ధసంవత్సర పరీక్షల తర్వాత మళ్లీ రాస్తాను.