అప్‌డేట్: తాతయ్య డయానా 27 ఎయిర్ రైఫిల్, కాకింగ్ గరగర పోయింది

పోయినసారి అడిగా కదా, మా తాతయ్య పాత గాలి తుపాకీ డయానా 27 బ్యారెల్ కిందికి వంచి కాక్ చేస్తుంటే (అంటే లోపలి స్ప్రింగ్ నొక్కి కాల్చడానికి రెడీ చేస్తుంటే) సగం దాకా బానే వచ్చి ఆ తర్వాత గరగరమని పట్టేస్తోందని. చాలామంది స్ప్రింగ్ మార్చేయమన్నారు, ఒకాయన మాత్రం ముందు విప్పి చూడు బాబూ, ఊరికే డబ్బులు తగలేయకు అన్నారు, ఆయన మాటే నిజమైంది.

విప్పేటప్పుడు పొడవాటి కార్పెంటర్ క్లాంప్ పెట్టా, లోపల స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, ఉత్త చేత్తో వదిలితే మొహం మీదకే వస్తుంది. ట్రిగర్‌లో చిన్న ఉక్కు బాల్స్ మూడు ఉంటాయి, కింద తెల్ల గుడ్డ పరుచుకోండి లేదంటే మంచాల కింద వెతుక్కోవాలి.

స్ప్రింగ్‌ని అద్దం మీద దొర్లిస్తే తిన్నగానే దొర్లింది, అంటే వంకర పోలేదు. అసలు దొంగ కాకింగ్ లింక్ (బ్యారెల్ వంచినప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెట్టే కడ్డీ) కదిలే స్లాట్ అంచు, గోరు పెట్టి లాగితే గోరు తగులుకుంటోంది, పైగా పాత గ్రీజంతా తారులా గట్టిపడి ఉంది. కిరోసిన్‌తో కడిగి, సన్న ఆకురాయితో అంచు అరగదీసి, 600 నంబర్ ఎమరీతో నున్నగా చేశా. మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు) పిస్టన్ పక్కలకి, లింక్‌కి పల్చగా, అంతే. పిస్టన్ కొసన ఉండే తోలు వాషర్ ముందు వైపు మాత్రం వద్దు, అక్కడ గ్రీజు చేరితే కాల్చినప్పుడు మండి పొగొస్తుంది.

ఇప్పుడు మా చెల్లి కూడా ఈజీగా కాక్ చేసేస్తోంది. బ్రీచ్ సీల్ (బ్యారెల్ వెనక కొస దగ్గర గాలి లీకవకుండా ఆపే వాషర్) ఇంకా మార్చాలి, సైజు తెలిసినవాళ్ళు చెప్పండి.