అప్‌డేట్: రేంజర్ వెనక చక్రాలు లోపలికి ఎందుకున్నాయో తేలింది

టెక్సాస్‌లో కొన్న నా 1996 ఫోర్డ్ రేంజర్ పికప్ ట్రక్కుకి వెనక చక్రాలు ముందువాటికన్నా లోపలికి ఎందుకున్నాయని అడిగాను కదా, సాయం చేసిన అందరికీ థాంక్స్. రిమ్ముల ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్న కొలత) తేడా అనుకుని ముందువి వెనక్కి మార్చి చూశా, ఏం మారలేదు. "టేప్ పెట్టి వెనక ఆక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఇరుసు) కొలువు" అన్నాయన మాటే పనిచేసింది. ఈ పక్క రిమ్ము ఆనే చోటు నుంచి ఆ పక్కదాకా 56.5 అంగుళాలే! 1993 నుంచి 2011 దాకా వచ్చిన రేంజర్లకి సుమారు 58.5 ఉండాలి. పాత ఓనరెవరో 1992 లేదా అంతకుముందు రేంజర్ ఆక్సిల్ తెచ్చి బిగించాడని మెకానిక్ కూడా చూసి చెప్పాడు. జంక్‌యార్డ్‌లో సరైనది దొరికింది, గేర్ రేషియో (ఆక్సిల్ లోపలి గేర్ల నిష్పత్తి) రాసున్న ట్యాగ్ చూసుకునే తెచ్చా (ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే ముందు ఆక్సిల్ రేషియోతో కలవాల్సిందే). అలైన్‌మెంట్‌కి పెట్టిన డబ్బులు మాత్రం దండగ. చక్రాల్ని బయటికి జరిపే స్పేసర్లు కొనలేదు, నయం.