స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ముందు టైర్లు గెంతుతున్నాయి: ఇది లోపమా, సహజమా?

మిడ్‌ల్యాండ్స్ వాసి
ఇంగ్లండ్‌లో ఉంటాను. నాలుగు చక్రాలకూ శక్తి అందే పెద్ద ఎస్‌యూవీ, 20 అంగుళాల చక్రాలు, బండితో వచ్చిన వేసవి టైర్లు. చలి మొదలయ్యాక పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి వెనక్కి తీస్తే ముందు చక్రాలు దడదడమని పక్కకు గెంతుతున్నాయి. ఆ కుదుపు సీటు దాకా తెలుస్తోంది. షోరూం వారు "ఇది అకర్‌మన్ ప్రభావం, మామూలే. శీతాకాలపు టైర్లు కొనుక్కోండి" అని పంపేశారు. బండి కొని ఏడాది కాలేదు. నా దృష్టిలో ఇది లోపమే. మీరేమంటారు?

కోణమానిని
లోపం అనను. కానీ షోరూం వారు చెప్పిన కారణం తలకిందులుగా ఉంది.

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి కాబట్టి లోపలి చక్రం ఎక్కువ కోణం తిరగాలి. గుర్రపు బండ్ల కాలంలోనే మ్యూనిక్ వాసి లాంకెన్‌స్పెర్గర్ ఈ అమరికను రూపొందించాడు. ఆయన తరఫున రుడాల్ఫ్ అకర్‌మన్ 1818లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకోవడంతో ఆ పేరే నిలిచిపోయింది. చక్రం పక్కకు ఈడ్చుకుపోకుండా దొర్లాలన్నదే దాని ఉద్దేశం. అంటే టైర్లు గెంతేది అకర్‌మన్ అమరిక ఉన్నందుకు కాదు, దాన్ని పూర్తిగా పాటించనందుకు.

లెక్క చూడండి. ఇరుసుల మధ్య 2.87 మీటర్లు, ముందు చక్రాల మధ్య 1.6 మీటర్లు ఉన్న బండి. వెనుక ఇరుసు నడిబిందువు 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంటే లోపలి చక్రం సుమారు 34 డిగ్రీలు, బయటిది 26 డిగ్రీలు తిరిగి ఉండాలి. తేడా 8 డిగ్రీలు. తయారీదారు 5 డిగ్రీల తేడాయే ఇచ్చాడనుకుందాం. మిగిలిన 3 డిగ్రీల మేరకు రెండు ముందు టైర్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడాల్సిందే. టైరు రోడ్డును పట్టుకుంటుంది, రబ్బరు మెలితిరుగుతుంది, ఇక ఓర్వలేక ఒక్కసారిగా జారి మళ్ళీ పట్టుకుంటుంది. ఆ జారుడే మీ దడదడ.

ఆ తేడా తగ్గించడానికి కారణం ఉంది. వేగంలో మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటి టైరు మీద పడుతుంది. అప్పుడు దాన్ని కాస్త ఎక్కువ తిప్పితేనే బండి చురుగ్గా తిరుగుతుంది. పైగా వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే బిరుసెక్కుతుంది. వెడల్పాటి టైరుకు పక్కగోడ పొట్టిగా ఉంటే మెలితిరిగే చోటే ఉండదు.

గుంటూరు గ్యారేజీ
లెక్కలు బాగున్నాయి గానీ, మా దగ్గరికి వచ్చేవారు మూడు వేర్వేరు జబ్బుల్ని ఒకే మాటతో చెబుతారు. ముందు వాటిని విడదీయాలి.

తిప్పుతూ కదిలినప్పుడు టకటకమని లెక్కపెట్టగలిగేలా చప్పుడు వస్తే సీవీ జాయింటు, అంటే ఇంజను శక్తిని ముందు చక్రానికి చేర్చే కీలు చూడాలి. దాని మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

బరబరమని గీసుకుంటున్నట్టు వస్తే టైరు ఎక్కడో తగులుతోంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి బండి ఆపి, టార్చి వేసి చక్రం పైనున్న నల్ల ప్లాస్టిక్ తొడుగు చూడండి. తగిలిన చోట దుమ్ము పోయి నున్నగా మెరుస్తుంటుంది. మన దగ్గర ఇదే ఎక్కువ. 185/65 ఆర్15 సైజు టైరు ఉండాల్సిన చోట దర్జా కోసం 205/65 వేయిస్తారు. టైరు వెడల్పు 20 మిల్లీమీటర్లు, ఎత్తు 26 మిల్లీమీటర్లు పెరుగుతాయి. దానికి తోడు బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ చక్రాలు. తగలక ఏం చేస్తుంది? దీనికి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించి ప్రయోజనం లేదు, సరైన సైజు వేయడమే మందు.

ఈ రెండూ కాకపోతేనే కోణమానిని గారి లెక్కలోకి రండి. అప్పుడు కూడా ముందు టైరు మీద అరచేయి అడ్డంగా అటూ ఇటూ రాసి చూడండి. ఒకవైపు రాస్తే నున్నగా, తిరిగి రాస్తే రంపంలా తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో మళ్ళి ఉండే కోణం తప్పింది. అది సరిచేయదగ్గ తప్పు.

ఘాట్ రోడ్డు
నా మహీంద్రా థార్‌ను ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ శక్తి అందేలా) పెట్టి ఎండిన తారు మీద యూ టర్న్ తీస్తే ఇలాగే బిగుసుకుని గెంతుతుంది. ఇదీ అదేనా?

కోణమానిని
కాదండి. ఫోర్ హైలో మీ ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగానికి కట్టుబడతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం నడవాలి, కానీ ఆ కట్టు నడవనివ్వదు. బురదలో, ఇసుకలో టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద ఆ ఒత్తిడంతా రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. టూ హైకి (రెండు చక్రాలకే శక్తి అందేలా) మార్చండి, పోతుంది. మారుతి జిమ్నీకీ ఇదే వర్తిస్తుంది.

వినియోగదారు పక్షం
కారణం తెలిసినంత మాత్రాన లోపం కాకుండా పోదు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో కుడివైపు స్టీరింగ్ ఉన్న మెర్సిడెస్ జీఎల్‌సీ యజమానులు సరిగ్గా ఈ గెంతుడు మీదే ఫిర్యాదు చేశారు. చలి ఉండే దేశంలో బండి అమ్ముతూ, ఆ చలికి పనికిరాని టైర్లు తొడిగి, ఇబ్బంది వచ్చాక "కొత్తవి కొనుక్కో" అనడం ఏం న్యాయం? ఇంగ్లండ్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వస్తువు సంతృప్తికరమైన నాణ్యతతో ఉండాలంటుంది. కొన్న 6 నెలల్లోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే భావిస్తారు, కాదని రుజువు చేసుకోవాల్సింది అమ్మినవారే. బండి ఇచ్చే రోజున ఈ మాట చెప్పారా లేదా? నన్నడిగితే అసలు ప్రశ్న అదే.

కోణమానిని
చెప్పకపోవడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బండిని లోపమని తేల్చాలంటే కొలత ఉండాలి. అదే మోడలు, అవే టైర్లు ఉన్న షోరూం బండిని అదే చలిలో, అదే నేల మీద తిప్పించండి. అది కూడా అంతే గెంతితే డిజైన్. మీ బండి మాత్రమే ఎక్కువ గెంతినా, ఎడమకు తిప్పితే ఒకలా, కుడికి తిప్పితే ఒకలా ఉన్నా అలైన్‌మెంటో, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్డో చూసి తీరాలి. అప్పుడు "మామూలే" అన్న మాట చెల్లదు.

మిడ్‌ల్యాండ్స్ వాసి
టార్చితో చూశాను, ప్లాస్టిక్ తొడుగు మీద గీత లేదు, సీవీ జాయింట్ల రబ్బరు బూట్లు బాగున్నాయి. బండి తీసుకుని ఆరో నెల ఇంకా దాటలేదు కాబట్టి ఫిర్యాదు ఈ రోజే రాతపూర్వకంగా పంపుతున్నాను. షోరూం బండితో పోల్చి చూపమని, అన్ని కాలాలకూ పనికొచ్చే ఆల్ సీజన్ టైర్ల ఖర్చు వారే భరించాలని అందులో అడిగాను. లోపమన్న నా మాట మీద నేనున్నాను. ఎడమ, కుడి తేడా సంగతి రేపు తెల్లవారుజామున చూసి ఇక్కడే రాస్తాను.

గుంటూరు గ్యారేజీ
చూసేటప్పుడు టైర్లలో గాలి కూడా కొలవండి. చలికి ఒత్తిడి పడిపోతుంది, రెండు వైపులా సమానంగా లేకపోతే పరీక్షే తప్పుతుంది.