సమస్య: "పాట పాడని కోకిల ప్రభుత నందె" – పూరణలు, సమీక్షలు

నిర్వాహకుడు:
ఈ వారం అంశం: 'కోకిల' అన్న ఒకే బిరుదు పంచుకున్న ప్రముఖులు. ఛందస్సు తేటగీతి. సమస్యాపాదం:

*పాట పాడని కోకిల ప్రభుత నందె*

గణవిభజన: పాట (గల) – పాడని (భ) – కోకిల (భ) – ప్రభుత (న) – నందె (గల). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) పా–ప్ర. మూడు పాదాలు మీవి, నాలుగోది ఇది. ప్రాస నియమం లేదు, ప్రాసయతి చెల్లుతుంది.

చిక్కులు రెండు. కోకిల పాడకపోవడం ఒకటి, దానికి ప్రభుత (అధికారం) దక్కడం ఇంకొకటి. మొదటి ముడి మాత్రమే విప్పితే సగం పూరణే. ఏ కోకిలో పద్యం చదివితేనే తెలియాలి, కింద వివరణ రాసి తెలియజేయడం కాదు.

పికస్వరం:

కవిత లల్లినదే గాని గాన మెఱుగ
దా సరోజిని నాయుడు; తనదు వాక్కు
సభల మ్రోగ, సంయుక్తరాష్ట్రముల నేల
పాట పాడని కోకిల ప్రభుత నందె.

నిర్వాహకుడు:
సూటిగా ఉంది. ఆమెకు భారత కోకిల బిరుదు వచ్చింది కవిత్వం వల్ల, గాత్రం వల్ల కాదు. అందుకని మొదటి ముడి తనంతట తానే విడిపోయింది. 1947 ఆగస్టు 15 నుంచి 1949 మార్చి 2న కన్నుమూసేదాకా ఆమె సంయుక్త రాష్ట్రాల గవర్నరు, కాబట్టి రెండోదీ విడింది. ఇక్కడ ఉత్తరప్రదేశ్ అని రాయకపోవడం మెచ్చుకోవాలి. ఆ పేరు 1950 జనవరిలో వచ్చింది.

కొత్తవారికి ఒక కిటుకు. "సరోజిని" లఘువు, గురువు, రెండు లఘువులు. అలాగే మొదలుపెడితే సూర్యగణం కాదు, ఇంద్రగణమూ కాదు. 'స'ను ముందు గణానికి ఇచ్చేసి "రోజిని"ని భగణంగా వాడాలి. రెండో పాదంలో "దాస – రోజిని" అలాగే కుదిరింది. గాయని "సుశీల" పేరుతోనూ ఇదే తంటా, ఇదే మందు.

అరసున్న:
మూడో పాదంలో యతి "ష్ట్ర" మీద పడింది. చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి కలపవచ్చు. ఇక్కడ స–ష మైత్రి, అచ్చు రెండు చోట్లా అకారమే. "సభల మ్రోగ"లో 'ల' గురువు కాదా అని అడగబోయేవారికి: మ్రోగు తెలుగుమాట, ముందరి అక్షరాన్ని తేల్చి పలుకుతాం, లఘువే.

పోతపాళీ:

పాట లెన్నియొ పాడిన పసిడి గొంతు
రాజ్యసభలోన నాఱేండ్లు రీతి నుండి
మౌనముగ గడిపెనట యా మహిమ గలది
పాట పాడని కోకిల ప్రభుత నందె.

లతా మంగేష్కర్ గారిని ఉద్దేశించాను. 1999 నుంచి 2005 వరకు నామినేటెడ్ సభ్యురాలు.

నిర్వాహకుడు:
మొదటి పాదం ఎంత బాగుందో! రెండో పాదంలో యతి తప్పింది. రా–రీ: హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఆ–ఈ లకు మైత్రి లేదు. ఈ పొరపాటు చెవికి దొరకదు, 'ర' వినగానే సరిపోయిందనిపిస్తుంది. "రీతి" బదులు "రహిని" అంటే సరి (నగణం, రా–ర). అర్థమూ మెరుగే, "రీతి నుండి" అంటే ఏ రీతి?

ఇంతకన్న పెద్ద లోపం అన్వయంలో ఉంది. రాజ్యాంగం 80వ అధికరణం ప్రకారం సాహిత్యం, విజ్ఞానం, కళ, సమాజసేవ రంగాల నుంచి రాష్ట్రపతి 12 మందిని రాజ్యసభకు నియమిస్తారు. అది గౌరవం. ప్రభుత అనలేం. పైగా మొదటి పాదంలో ఎన్నో పాటలు పాడించి నాలుగో పాదంలో "పాడని" అంటే, "సభలో" అన్న మాట ఆ పక్కనే ఉండాలి. రెండు పాదాల అవతల ఉంటే పాఠకుడు మర్చిపోతాడు. "గడిపెనట"లో ఆ 'అట' మీద బరువు వేసి ఆధారం నుంచి తప్పించుకోవడమూ బాగులేదు. నిజ జీవితంలోని మనిషి గురించి రాసేటప్పుడు తెలిసింది చెప్పాలి, లేదా వదిలేయాలి.

విరుపువీరుడు:
పాదం ముందు ఒక మాట తగిలించి చూశాను.

ఉప్పు కొఱకు ధరాసన నుద్యమించి
చెఱను గాంచియు వెఱవక శిరము నెత్తి
పతకమును త్రిప్పి పంపెను, ప్రాఁత దొరల
పాట పాడని కోకిల ప్రభుత నందె.

నిర్వాహకుడు:
ఇదీ విరుపంటే! "దొరల" మూడో పాదం చివర కూర్చోగానే "పాడని కోకిల" కాస్తా "దొరల పాట పాడని కోకిల" అయింది. గొంతు లేకపోవడం కాదు, లొంగకపోవడం. అసంబద్ధత పోయి పొగడ్త మిగిలింది. చె–శి యతి నిక్షేపంగా ఉంది: చకార శకారాలకు, ఎ–ఇ లకు మైత్రి ఉంది.

అరసున్న:
వరుస తిరగబడింది కదండీ? సరోజినికి బ్రిటిష్ ప్రభుత్వపు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది 1911లో. తిరిగి ఇచ్చేసింది 1919 జలియన్‌వాలా బాగ్ దారుణానికి నిరసనగా. ధరాసన ఉప్పు కొటార్ల మీదికి సత్యాగ్రహులను నడిపించింది 1930 మే నెలలో. పద్యంలో జైలు ముందు, పతకం తరువాత.

విరుపువీరుడు:
పాదాలు తారుమారు చేద్దామంటే "దొరల" నాలుగో పాదానికి ఆనుకునే ఉండాలి. అదే అడ్డం.

నిర్వాహకుడు:
పాదాలు కదపక్కరలేదు. "పంపెను" తీసి "పంపిన" పెట్టండి. రెండూ భగణమే. అప్పుడది "కోకిల"కు విశేషణం అవుతుంది, ఎప్పుడో పంపినదని అర్థం, కాలక్రమం చిక్కు ఉండదు. "తెల్ల దొరల" అందామనిపిస్తుంది కానీ తె–ప యతి కుదరదు. "ప్రాఁత" ఉండనీయండి.

గణితగణం:
క్రమాలంకారంలో ప్రయత్నం:

లత, సుశీల లిచ్చిన దేది? లలిత గళము
మూగవోయిన నెట్టిది? ముచ్చటగను
బిరుద మేది? సరోజిని పిదప నేమి?
పాట – పాడని – కోకిల – ప్రభుత నందె.

నిర్వాహకుడు:
నాలుగు ప్రశ్నలకు సమస్యలోని నాలుగు ముక్కలు వరుసగా జవాబులు. అంశాన్ని అసలు పట్టుకున్న పూరణ ఇదొక్కటే, బిరుదు పంచుకున్నవారు ఒక్క పద్యంలోనే కనిపిస్తున్నారు. "ముచ్చటగను" మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చున్న మాట. అక్కడ "ముగ్గురకును" వేయండి. గల, నగణం అవే, మూ–ము యతీ అదే. "ముగ్గురకును బిరుద మేది?" అనగానే పద్యానికి వెన్నెముక వస్తుంది. చివరి ప్రశ్నకు "చేసె" అన్న క్రియ లేదు, తెచ్చుకుని చదవాలి. క్రమాలంకారంలో ఆ మాత్రం సడలింపు ఇస్తారు.

పోతపాళీ:
ఫ్లోరెన్స్ నైటింగేల్ మీద రాయవచ్చా?

నిర్వాహకుడు:
అది ఆమె ఇంటిపేరు, బిరుదు కాదు. పైగా ప్రభుత ఎక్కడిది? స్వీడిష్ నైటింగేల్ అనిపించుకున్న జెన్నీ లిండ్ అయితే బిరుదు ఉంది కానీ ఆమె పాడడానికే పుట్టింది.

శుకపికం:

మగది పాడును గాని యా మగువ పికము
నోరు విప్పిన కిక్కను, నుడుల రాణి
కాంగిరేసున కధినేత్రి కాన్పురమున
పాట పాడని కోకిల ప్రభుత నందె.

నిర్వాహకుడు:
పక్షిశాస్త్రం పనికొచ్చింది! కుహూ అని కూసేది మగ కోకిలే. ఆడది కిక్ కిక్ అని కీచుగా అరుస్తుంది. కవులు అనాదిగా కోకిలను ఆడగొంతుకు పోలుస్తూ వచ్చారు, ఈ పూరణ ఆ అలవాటు మీదే చెయ్యి వేసింది. నో–ను యతి సరైనదే.

కాన్పూరు కాంగ్రెసు 1925. ఆ పదవిలో తొలి భారతీయ మహిళ సరోజిని, తొలి మహిళ మాత్రం 1917లో అనిబిసెంట్. పద్యంలో "తొలి" అనకపోవడంతో మీకు ఆ పేచీ లేదు. కానీ "నుడుల రాణి" ఒక్కదానితో సరోజిని అని పోల్చుకోవడం కష్టం, ఊరూ పదవీ తెలిసినవారికే అందుతుంది. పార్టీ అధ్యక్షతను ప్రభుత అనవచ్చా అన్నదీ వాదానికి నిలుస్తుంది. పికస్వరం గారి గవర్నరు గిరీ ముందు ఇది కొంచెం పలచన. "కాంగిరేసు" అని సాగదీయడం ఒప్పుకుంటాను, మనస్ఫూర్తిగా కాదు.

వచ్చే వారానికి ఆటవెలది, సమపాదం:

*సింగ మొకటి రెండు సీమ లేలె*

అయిదూ సూర్యగణాలే, యతి సిం–సీ. కేసరి బిరుదున్నవారు కావాలి. పంజాబ్ సింహం అంటే రంజిత్ సింగ్ ఉన్నాడు, పంజాబ్ కేసరి అంటే లజపతిరాయ్ ఉన్నారు. లజపతిరాయ్ ఏ సీమనూ ఏలలేదు, ఆయనను తెచ్చేవారు "ఏలె"కు జవాబు ముందే చూసుకోండి. తెలుగువారి కేసరిని తెచ్చేవారు 1946, 1953 రెండు సంవత్సరాలూ గుర్తుంచుకుంటే సగం పద్యం అయినట్టే.