కౌజు పిల్లలు, పొదిగించే గుడ్లు ఎక్కడా దొరకడం లేదు. దారి చెప్పండి

ప్రశ్న: సూర్యాపేట వైపు నుంచి

అందరికీ నమస్కారం. నాన్నగారు నాటుకోళ్లు పెంచిన షెడ్డు ఖాళీగా ఉంది. అందులో కౌజు పిట్టలు వేద్దామని, 500 పిల్లలతో మొదలుపెడదామని అనుకున్నాను. తీరా వెతికితే పిల్లలు ఎక్కడా లేవు. ఒక హ్యాచరీవారు వెయ్యికి తక్కువ ఇవ్వమన్నారు. అదీ నెల తర్వాతేనట, డబ్బు మాత్రం ఇప్పుడే మొత్తం కట్టాలట. ఇంకొకరు ఫోనులోనే బేరం మాట్లాడి, సగం పంపితే పిల్లలను బస్సులో వేస్తామన్నారు. ఊరూ పేరూ సరిగా చెప్పలేదు కనుక పంపలేదు.

నా దగ్గర 100 కోడిగుడ్లు పట్టే ఇంక్యుబేటర్ ఉంది. సూపర్ మార్కెట్‌లో అమ్మే కౌజు గుడ్లు తెచ్చి అందులో పెడితే పిల్లలవుతాయా? పెరట్లో పొదుగు మీదున్న నాటు పెట్ట కూడా ఉంది, దాని కింద పెట్టవచ్చా? పొదిగించే గుడ్లు అసలు ఎవరిని అడగాలి?

జవాబు: గుంటూరు జిల్లా, గుడ్ల కోసం కౌజులు పెంచే రైతు

ముందు సూపర్ మార్కెట్ గుడ్ల సంగతి. తినే గుడ్ల కోసం పెంచే మావంటి వాళ్లలో చాలామంది మగ పిట్టలను ఉంచరు. మేత దండగ, పైగా పెట్టలను పొడుస్తాయి. మగపిట్ట తొక్కని గుడ్డును ఎన్నాళ్లు వేడిలో పెట్టినా అది గుడ్డుగానే ఉంటుంది. మగవాటిని కలిపి పెంచే ఫారం గుడ్లు అప్పుడప్పుడు ఆ పెట్టెల్లోకి వస్తాయి, వాటిలో కొన్ని పిల్లలవుతాయి కూడా. కానీ కడిగి, ఫ్రిజ్‌లో ఉంచి, ఏ రోజు పెట్టినవో తెలియని గుడ్లకు ఇంక్యుబేటర్ కరెంటు ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

అయినా చూడాలనుంటే ఒక పరీక్ష ఉంది. పెట్టెలో నాలుగైదు గుడ్లు పళ్లెంలో పగలగొట్టండి. పచ్చసొన మీద ఒక తెల్లని చుక్క కనబడుతుంది. చుక్క చిన్నదిగా, ముద్దలా, అంచులు చెదిరినట్లు ఉంటే అది తొక్కని గుడ్డు. చుట్టూ గుండ్రని ఉంగరంలా ఉండి మధ్యలో లేత రంగు ఉంటే తొక్కిన గుడ్డు. నాలుగింటిలో ఒక్కదానికీ ఉంగరం లేకపోతే మిగిలినవి కూరకు పంపండి. రైతు దగ్గర పొదిగించే గుడ్లు కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష అడగడానికి మొహమాటపడకండి. వంద గుడ్లు కొనేవారికి ఐదు గుడ్లు పగలగొట్టి చూపించనంటే ఆ గుడ్లు మీకు వద్దు. తాజా గుడ్డులోనే ఇది స్పష్టంగా తెలుస్తుంది, పాతబడితే చుక్క ఎలాగూ మసకబారుతుంది.

ఇక రెండు ప్రశ్నలు అడగండి. ఎన్ని పెట్టలకు ఒక మగ? రెండు, మూడు పెట్టలకు ఒకటి అంటే మంచిది, ఐదారు పెట్టలకు ఒకటంటే తొక్కని గుడ్లు ఎక్కువవుతాయి. గుడ్లు పెట్టి ఎన్ని రోజులైంది? వారం లోపువి తీసుకోండి. ఆ తర్వాత రోజురోజుకూ పిల్లల శాతం పడిపోతుంది, వేసవిలో మరీ త్వరగా.

జవాబు: పశువైద్యురాలు

నాటు పెట్ట కింద పెట్టవద్దు. కౌజు గుడ్డు 10 నుంచి 12 గ్రాములు, పెంకు పలుచన. రెండు కిలోల పెట్ట కాలు కదిపితే చిట్లిపోతుంది. చిన్న జాతి కోడి, మెత్తటి గూడు అయితే కొన్ని నిలుస్తాయి, కానీ మీరు అడుగుతున్నది వందల లెక్క. కౌజు పెట్ట తనంతట తాను పొదగదు. మనం పెంచేది జపనీస్ కౌజు, తరాల తరబడి గుడ్ల కోసం ఎంపిక చేసిన జాతి, పొదిగే గుణం దాదాపు పోయింది. 1974లో కాలిఫోర్నియా నుంచి బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌కు తెచ్చిన పిట్టలతో మన దేశంలో ఈ పెంపకం మొదలైంది. కాబట్టి ఇంక్యుబేటర్ తప్పదు.

మీ ప్రశ్నలో లేని ఒక మాట. కొరత ఉన్నప్పుడు వలవేసి పట్టిన అడవి కౌజులను పంజరాల్లో పెట్టి, ఇవే నాటువని అమ్మేవారు బయలుదేరతారు. అడవి పిట్టలను పట్టడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అవి పంజరంలో సరిగా గుడ్లు పెట్టవు కూడా. ఎక్కడ కొన్నా ఫారం రసీదు తీసుకుని దాచుకోండి.

కొరత ఎందుకు వచ్చిందో కూడా కనుక్కోండి. బర్డ్ ఫ్లూ తేలితే ఆ చోటు చుట్టూ ఒక కిలోమీటరులో పక్షులను చంపేస్తారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కోళ్ల లారీలను వెనక్కి పంపారు. అలాంటి సమయంలో ఎవరైనా సగం ధరకు పిల్లలు ఇస్తామంటే సంతోషించకండి, అవి ఎక్కడి నుంచి కదిలాయో అడగండి. కౌజులకు ఏ రోగమూ రాదనే మాట అమ్మకందారులు పుట్టించినది. కోళ్ల కంటే గట్టివే, టీకాలు పెద్దగా అవసరం పడవు, అంతవరకు నిజం. బర్డ్ ఫ్లూ వస్తుంది, పేగు పుండ్ల జబ్బు గుంపులను తుడిచిపెడుతుంది. కొత్త పిట్టలను కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి, నాటుకోళ్లు తిరిగే చోటికి రానివ్వకండి. షెడ్డులో కోళ్లు ఉండేవి కనుక నేల మీద పరిచిన పాత పొట్టు (లిట్టరు) మొత్తం తీసి, సున్నం వేసి, ఎండనివ్వాలి.

జవాబు: చిన్న హ్యాచరీ నడిపేవారు

వెయ్యికి తక్కువ ఇవ్వరని మమ్మల్ని తిట్టుకునేవారు చాలామంది ఉన్నారు, మా వైపు కూడా వినండి. గుడ్లు వారానికి మించి నిలవ ఉంచలేం. మెషిన్ నింపే రోజుకి ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో చూసి నింపుతాం. పిల్ల ఏడెనిమిది గ్రాములు ఉంటుంది, పుట్టిన రోజే వెళ్లిపోవాలి, మా దగ్గర ఉంటే నష్టం. అందుకే పెద్ద ఆర్డరు వారికి ముందు.

చిన్న రైతుకు ఇక్కడే ఒక సందు ఉంది. ప్రతి హ్యాచరీలో పిల్లలు దిగే, అంటే గుడ్ల నుంచి బయటికి వచ్చే రోజులు వారంలో ఫలానా అని ఉంటాయి. ఆర్డరు ఇచ్చినవారు రాకపోవడం, పిల్లలు అనుకున్నదాని కంటే ఎక్కువ దిగడం మామూలే. దగ్గరలోని రెండు మూడు హ్యాచరీలకు మీ నంబరు ఇచ్చి, మిగిలితే ఫోను చేయండి, రెండు గంటల్లో వస్తానని చెప్పండి. అడ్వాన్సు లేకుండా, చేతిలో డబ్బుతో వచ్చేవారిని మేము మరచిపోము. 100, 150 చొప్పున రెండు మూడుసార్లలో మీ లెక్క పూర్తవుతుంది.

ముందే మొత్తం కట్టమనే చోట కట్టకండి. కొంత అడ్వాన్సు న్యాయమే, మిగతాది పిల్లలను లెక్కపెట్టుకున్నాకే. పిల్లలు మేమే ఇస్తాం, పెరిగాక మేమే కొంటాం, ముందు లక్ష కట్టండి అనే పథకాలకు దూరంగా ఉండండి. 2012లో తమిళనాడులో ఈము పక్షుల పేరుతో జరిగింది అదే. పక్షులు చివరికి రైతు పెరట్లో మిగిలాయి, కొనేవాళ్లు కనబడలేదు.

ఫారాలు కనిపెట్టడానికి నేను చెప్పే చిట్కా: ప్రకటనలు చూడటం మానండి. హైవే దాబాల్లో కౌజు వేపుడు అమ్మేవారికి పిట్టలు ఎవరు వేస్తారో అడగండి. దాణా కొట్టువారికి ఏ రైతు కౌజు మేత కొంటున్నాడో తెలుసు. కృషి విజ్ఞాన కేంద్రంలో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల కోళ్ల విభాగంలో కూడా ఒకసారి అడగండి, అక్కడ పిట్టలు లేకపోయినా పెంచుతున్న వాళ్లెవరో చెప్పవచ్చు.

జవాబు: ఖమ్మం రైతు

నా అభిప్రాయం వేరు. పిల్లలు దొరకని కాలంలో పిల్లల వెంట పడటం దేనికండీ? పెద్ద పిట్టలు కొనండి. కౌజు ఆరేడు వారాలకే గుడ్డు మొదలుపెడుతుంది, గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది. అంటే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డుకు రెండు నెలలకు కాస్త అటూ ఇటూ. ఇంత త్వరగా పెరిగే దానికి కొరత అని నెలల తరబడి ఎదురుచూడటంలో అర్థం లేదు.

లెక్క చూడండి. 24 పెట్టలు, 8 మగ. మంచి వయసులో రోజుకు 18 గుడ్లు వస్తాయి, వారానికి 125 దాకా. వంకరవి, మరీ చిన్నవి తీసేస్తే 115 పెడతారు. సొంత గుడ్లు, తాజావి కనుక నూటికి 60, 65 దిగితే 70 పిల్లలు. మొదటి వారంలో కొన్ని పోతాయి, 60 నిలుస్తాయి. ఇలా ఎనిమిది వారాలు గుడ్లు పెడితే, చివరి విడత దిగేసరికి రెండున్నర నెలల్లో మీ 500కు దగ్గరగా మీ షెడ్డులోనే తయారు. పైగా వారం వారం వయసు తేడాతో ఉంటాయి కనుక ఐదు వారాలకు మాంసానికి వచ్చినవి కొద్దికొద్దిగా అమ్ముకోవచ్చు. మొదటిసారి పెంచేవారి చేతిలో 500 ఒకేసారి అమ్మకానికి వస్తే దళారి చెప్పిందే ధర.

కొనేటప్పుడు మోసం ఇక్కడే జరుగుతుంది, జాగ్రత్త. మూడు వారాలు దాటాక మగదానికి రొమ్ము మీద ఇటుక రంగు ఈకలు వస్తాయి, పెట్టకు బూడిద రంగు మీద నల్లచుక్కలు ఉంటాయి. అంతకంటే చిన్న పిల్లల్లో ఆడామగా చెప్పగలమనే వారిని నమ్మవద్దు. పెట్టలను తమకు ఉంచుకుని మగవాటిని అమ్మేవారు ఉంటారు, పగటి వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూడండి. తెల్ల రకాల్లో ఈ రంగు తేడా కనబడదు, మొదటిసారి వాటి జోలికి వెళ్లకండి. ఇక గుడ్లకు వచ్చిన పెట్టలు అని చెప్పి ఏడాది దాటిన వాటిని అంటగడతారు. గోళ్లు పొడవుగా, వీపు మీద ఈకలు ఊడి, కాళ్లు గరుకుగా ఉంటే వదిలేయండి. 10 వారాల నుంచి 30 వారాల లోపువి అయితే పిల్లలు దిగే గుడ్లు బాగా వస్తాయి.

మగవి, పెట్టలు ఒకే ఫారంవి వద్దు. పెట్టలు ఒక చోట, మగవి ఇంకో చోట కొనండి. కౌజుల్లో రక్తసంబంధం కలిస్తే రెండు మూడు తరాల్లోనే పిల్లలు దిగడం తగ్గిపోతుంది. కొందరు చిన్న రైతుల ఫారాలు మూతపడటానికి ఇదీ ఒక కారణం, వాళ్లు మాత్రం మేతను తిడతారు.

మళ్లీ అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఖమ్మం రైతు గారి మాట నచ్చింది, షెడ్డు శుభ్రం చేయడం మొదలుపెట్టాను. కానీ పిట్టలు దొరికేలోపు ఇంక్యుబేటర్ అలవాటు కావడానికి ఒక్క విడత గుడ్లయినా తెచ్చి పెట్టాలనుంది. తమిళనాడులోని నామక్కల్ నుంచి బస్సులో తెప్పించుకోవచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: గుంటూరు జిల్లా రైతు

నామక్కల్‌లో దొరుకుతాయి, కాదనను. వాళ్లు కాడై అంటారు, ఆ పేరుతో అడగండి. కానీ అంత దూరం బస్సు డిక్కీలో కుదుపులకు సగం దిగినా అదృష్టమే. పార్సిల్ కంటే గుంటూరు, విజయవాడ వైపు దొరికే కొద్ది గుడ్లు మీరే వచ్చి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడం మేలు. సన్నని కొన కిందికి ఉండేలా, వరిపొట్టులో అమర్చండి. ఎండ వేళ ప్రయాణం వద్దు. ఇంటికి రాగానే మెషిన్‌లో పెట్టకుండా 12 గంటలు గదిలో కదలకుండా ఉంచండి.

జవాబు: చిన్న హ్యాచరీ నడిపేవారు

ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్ అయితే 99.5 డిగ్రీల ఫారన్‌హీట్, తేమ 55 నుంచి 60 శాతం. 14వ రోజు వరకు తిప్పండి, ఆ తర్వాత ఆపి తేమను 70 దాకా పెంచండి. వారం వారం గుడ్లు పెట్టాలనుకుంటే ఇక్కడ చిక్కు వస్తుంది: ఒకే పెట్టెలో కొన్నింటిని తిప్పాలి, కొన్నింటిని తిప్పకూడదు. అందుకు చివరి మూడు రోజులకు వేరే పెట్టె కావాలి. బల్బు, థర్మోస్టాట్, నీళ్ల గిన్నె పెట్టిన థర్మాకోల్ పెట్టె సరిపోతుంది. అడుగున గరుకు గుడ్డ వేయండి. నున్నటి కాగితం మీద పుట్టిన పిల్లల కాళ్లు విచ్చుకుపోయి ఇక నిలబడవు.

పిల్లలు దిగాక నీళ్ల పళ్లెంలో గోళీలు లేదా గులకరాళ్లు నింపండి. ఈ పిల్ల అర అంగుళం నీటిలో కూడా మునుగుతుంది. మొదటి వారం 95 డిగ్రీల వేడి, మేత రవ్వలా మెత్తగా. మాంసకృత్తులు 27 శాతం ఉన్న మేత దొరకకపోతే బ్రాయిలర్ కోడిపిల్లలకు మొదటి రోజుల్లో వేసే ప్రీ స్టార్టర్ మేత దంచి వేయండి.

కోడిగుడ్ల ట్రేలో కౌజు గుడ్లు నిలబడవు, రంధ్రాల్లోంచి జారిపోతాయి. మీ ట్రే పొడవు, వెడల్పు కొలిచి, ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. కౌజు ట్రే అందులో కూర్చుంటుందో లేదో చూసి చెబుతాను.