మంచు శిబిరానికి సర్జరీ పనిముట్లు: రెండు జతల గ్లవ్స్‌తో పట్టు చిక్కడం లేదు, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. నేను ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ని. 5,000 మీటర్ల ఎత్తులో ఉండే ఒక శిబిరానికి చిన్న సర్జరీ కిట్ సిద్ధం చేసే పని నా మీద పడింది. కుట్లు వేయడం, చీముగడ్డ కోసి శుభ్రం చేయడం, అంతవరకే.

స్టెరిలైజేషన్ సంగతి కొంత తేల్చుకున్నాను. ఆ ఎత్తులో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి ఉడకబెట్టడాన్ని నమ్ముకోలేం. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి పెంచిన ఆవిరితో పనిముట్లను స్టెరిలైజ్ చేసే యంత్రం) కూడా మామూలుగా గేజ్ మీద చూసే 15 పీఎస్ఐ ఒత్తిడి అక్కడ చాలదు. బయట గాలి ఒత్తిడే తక్కువ కదా, 121 డిగ్రీలు రావాలంటే దాదాపు 22 దాకా తేవాలి.

నన్ను వేధిస్తున్నది నీడిల్ హోల్డర్, అంటే కుట్లు వేసే సూదిని పట్టుకునే, కత్తెరలా రింగులున్న పనిముట్టు. రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, లోపల ఉన్ని గ్లవ్స్, పైన సర్జికల్ గ్లవ్స్ వేసుకుని ప్రయత్నించాను. రింగుల్లోకి బొటనవేలు సగమే దూరింది. లాక్ పడినప్పుడు వేలికి తెలియాల్సిన ఆ 'టిక్' అసలు తెలియలేదు. రెండుసార్లు సూది పక్కకు తిరిగిపోయింది. అక్కడ నిజంగా ఒక మనిషి గాయం ముందు ఇలా జరిగితే ఎలాగన్నదే నా టెన్షన్.

రింగులు పెద్దవి చేయించడం మేలా, రింగుల్లేకుండా అరచేతిలో పట్టుకునే రకం మేలా? పిడికి సిలికాన్ తొడుగు వేస్తే దాని కింద తేమ, మురికి చేరవా? చలి ప్రాంతాల్లో చేసినవాళ్లు పనిముట్లను వాడేముందు ఎలా వెచ్చబెట్టేవారో కూడా దయచేసి చెప్పండి.